కన్వీనర్ గారి గాలం

విశ్వవిద్యాలయంలో ఒక ఆచారం ఉంది. మీటింగుకు వెళ్ళినవాడికి చాయ్ దొరుకుతుంది, వెళ్ళనివాడికి పదవి దొరుకుతుంది. ఆ రోజు మీటింగ్ జరుగుతున్నప్పుడు అర్థశాస్త్రం చెప్పే ఉపేందర్‌రావు గేటు బయట నిలబడి కాల్చిన మక్కకంకి తింటున్నాడు. కంకి అయిపోయి లోపలికి వచ్చేసరికి ఆన్‌లైన్ సురక్షా వారోత్సవాల కమిటీకి కన్వీనర్ అయిపోయి ఉన్నాడు.

ఆయనకు తెలిసిన వైరస్ జలుబు ఒక్కటే. ఫోన్ మీద ఒకే ఒక్క వేలితో టైపు చేస్తాడు, ఆ వేలు కూడా ఒక్కోసారి దారి తప్పుతుంది. అయినా పదవి పదవే. కరీంనగర్‌లో క్వార్టర్లు ఎండకు మాడిపోతున్నా ఆ సాయంత్రం ఆయన కోటు వేసుకునే ఇంటికి వచ్చాడు.

ఆయన భార్య ప్రమోదిని అదే విశ్వవిద్యాలయంలో అమ్మాయిల హాస్టల్‌కు వార్డెన్. ఆమె ఉద్యోగంలో అన్నిటికన్నా పెద్ద పని దొంగ బాపుల్ని, అంటే తండ్రులమని నటించేవాళ్ళను, పట్టుకోవడం. సినిమాకు పోవాలనుకున్న ప్రతి పిల్లా ఎవడో ఒక దోస్తు చేత ఫోన్ చేయిస్తుంది. "మేడమ్, నేను ఆమె బాపును మాట్లాడుతున్న, బిడ్డను ఇంటికి పంపుండ్రి" అంటాడు వాడు, గొంతు లావు చేసుకుని. ప్రమోదిని ఏమాత్రం తొందరపడకుండా, "మంచిది పటేలా, మీ బిడ్డ ఏ కూర ముట్టది?" అని అడుగుతుంది. అవతల ఫోన్ ఠక్కున పెట్టేస్తారు. అసలు బాపు అయితే చికాకుపడి మూడు కూరల పేర్లు చెప్తాడు.

ఇంత అనుభవం ఉన్న మనిషికి మర్నాడు పొద్దున సర్వపిండి తింటూ ఉపేందర్‌రావు పాఠం మొదలుపెట్టాడు.

"ప్రమోదినీ, ఇగ నుంచి జర జాగ్రత్తగ ఉండాలె. తెల్వని లింకు నొక్కద్దు."

"తెల్వని లింకుకు నేను ఒక్కసారే సరే అన్న" అంది ఆమె, పెనం మీద ఇంకో సర్వపిండి తిప్పుతూ. "అదిగూడ మా బాపు చెప్పిండని. పెండ్లిచూపులల్ల."

"నేను చెప్పేది ఆన్‌లైన్ సంగతి."

"అప్పుడు ఆన్‌లైన్ లేకుండె. ఉంటే మీ గురించి జర వెతికి చూస్తుంటి."

ఉపేందర్‌రావు ఆ ముక్కను నమలకుండానే మింగాడు. "సరే. పాస్‌వర్డ్ మాత్రం ఎవలకు చెప్పకు."

"మీ పాస్‌వర్డ్ మీకు చెప్పాల్నా వద్దా? నిన్న బ్యాంకు యాప్ తెరవనీకె నన్నే గదా అడిగిన్రు."

ఇక మాట్లాడితే మర్యాద దక్కదని ఆయనకు తెలిసింది. "నేను పోతున్న. వీసీ గారితోని మధ్యాహ్నం దాక మీటింగ్ ఉన్నది" అని లేచాడు. మీటింగూ లేదు, ఏమీ లేదు. బయటపడటానికి అదొక దారి.

దారిపొడుగునా ఆయన మనసు ఉడికిపోయింది. ఎల్లుండి ప్రారంభ సభలో ఉపన్యాసం తనదే. దానికి ఒక సజీవమైన ఉదాహరణ కావాలి. తనను ఎగతాళి చేసిన ప్రమోదినే ఆ ఉదాహరణ అయితే ఎట్లా ఉంటుంది? 'మిత్రులారా, చదువుకున్నవాళ్ళే ఎట్లా మోసపోతారో చూడండి, సాక్షాత్తూ మా ఇంట్లోనే' అని తాను అనడం, హాలంతా చప్పట్లు కొట్టడం ఆయనకు కళ్ళ ముందు కనిపించింది. ప్రమోదిని మొదటి వరసలో తల దించుకుని కూర్చోవడం ఇంకా బాగా కనిపించింది.

నేరుగా వ్యాయామ విద్యా విభాగానికి వెళ్ళాడు. అక్కడ ఈల భానుప్రసాద్ ఉంటాడు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది కాబట్టి ఆ పేరు. క్రీడా పోటీల కోసమని రెండో ఫోన్ ఒకటి పెట్టుకున్నాడు. దాని నంబరు ప్రమోదినికి తెలియదు.

"భానుప్రసాద్, మనం ఫిషింగ్ చేద్దాం."

"ఫిషింగ్ అంటే మానేరు డ్యాం కాడికి పోవాలె గద సార్" అన్నాడు భానుప్రసాద్. "గాలం మా తమ్ముని కాడ ఉన్నది."

"గా ఫిషింగ్ కాదయ్యా. దొంగ మెసేజ్ పెట్టి ఎదుటోళ్ళ రహస్యాలు లాగుడు."

"అరే, గదా. మరి చేప ఎవలు?"

"మా ఇంటామె."

భానుప్రసాద్ ఈల తీసి జేబులో పెట్టుకున్నాడు. ప్రమోదిని మేడమ్ అంటే అతనికి భయం. కానీ కన్వీనర్ గారే స్వయంగా వచ్చి అడిగితే కాదనడం ఎట్లా? ఫోన్ ఇచ్చాడు. వాట్సాప్‌లో వీసీ గారి ఫొటో పెట్టారు. ఆ వీసీ గారిని అందరూ సర్క్యులర్ సారు అంటారు. ఆయన తుమ్మినా 'ఇందుమూలముగా తుమ్మడమైనది' అంటాడని ప్రతీతి. అందుకని ఉపేందర్‌రావు చాలా శ్రద్ధగా, ఒక్క వేలితో ఇట్లా కొట్టాడు:

'ఇందుమూలముగా వార్డెన్ గారికి తెలియజేయునది ఏమనగా, నేను వీసీని. ముఖ్యమైన సమావేశంలో ఉన్నందున మాట్లాడలేను. మీ ఫోనుకు ఒక ఓటీపీ వచ్చును. దానిని వెంటనే నాకు పంపవలెను.'

"ఓటీపీ ఎక్కడికెల్లి వస్తది సార్?" అని భానుప్రసాద్ అడిగాడు.

"గది తర్వాత సంగతి. ముందు ఇస్త అంటదా లేదా, గంతే మనకు కావాల్సింది."

కాసేపటికి జవాబు వచ్చింది. 'నమస్తే సార్. మీటింగుల ఉన్నరా? మా ఆయన గూడ గదే మీటింగుల ఉన్నడట. ఏం జేస్తున్నడు సార్?'

ఉపేందర్‌రావు కొట్టాడు: 'శ్రద్ధగా వినుచున్నారు.'

'అయితే ఆయన మా ఆయన కాదు సార్. జర మంచిగ చూడుండ్రి.'

భానుప్రసాద్‌కు నవ్వు వచ్చింది, దగ్గుగా మార్చుకున్నాడు. ఉపేందర్‌రావు గాలం వదల్లేదు. ఓటీపీ సంగతి గుర్తుచేశాడు. ఆమె ఓటీపీ ఊసే ఎత్తలేదు.

'సార్, మీరు దొరికిన్రు కాబట్టి ఒక మాట అడుగుత. గీ శనివారం ఆదిలాబాద్‌ల మా చెల్లె కొత్తిల్లు గృహప్రవేశం. మా ఆయనకు మీరు సెలవు ఇయ్యనంటున్నరట. నిజమేనా?'

ఉపేందర్‌రావు వేలు గాలిలోనే ఆగిపోయింది. ఆయన సెలవు అడగనే లేదు. ఆదిలాబాద్‌లో తోడల్లుడు విక్రాంత్‌రావుకు జిన్నింగ్ మిల్లు ఉంది. దొరికిన మనిషినల్లా కూర్చోబెట్టి పత్తిలో తేమ గురించి చెప్తాడు, చెప్పి చెప్పి వినేవాడిలోని తేమంతా ఆవిరి చేస్తాడు. అందుకని సెలవు దొరకలేదని ఇంట్లో చెప్పి, నెపం వీసీ గారి మీదికి తోసేశాడు. ఇప్పుడు నిజమే అంటే పాపం వీసీకి చెడ్డపేరు. అబద్ధం అంటే తనకు. చివరికి విశ్వవిద్యాలయం నేర్పిన మాటే ఆదుకుంది.

'పరిశీలించబడును' అని కొట్టాడు.

'మంచిది సార్. పొద్దటి సంది నాకు తల పగిలిపోతుంది. తర్వాత మాట్లాడుత.'

చేప జారిపోతుందని ఉపేందర్‌రావుకు కంగారు పుట్టింది. ఆ కంగారులో వేలు తనంతట తానే నడిచింది. 'ఫ్రిజ్ మీద బామ్ డబ్బా ఉన్నది. రాసుకొనవలెను. ఎండల తిరుగకు.'

"వీసీ గారు ఎంత ప్రేమగ మాట్లాడుతున్నరు సార్" అన్నాడు భానుప్రసాద్, మెచ్చుకోలుగా.

అవతల చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత వచ్చింది. 'మీరు జెప్పినంక రాసుకోకుంటే ఎట్ల సార్. ఓటీపీ ఫోన్ల వద్దు, ఇంటికొచ్చి తీసుకపోండి. మా ఆయన బువ్వకు వస్తడు. ఆయన కంటె ముందే రాండ్రి.'

ఉపేందర్‌రావు ఆ మెసేజ్‌ను మూడుసార్లు చదివాడు. చేప చిక్కినట్టే. కానీ ఆయన కంటే ముందే అంటే? ఆ ఆయన తానే. రమ్మన్నదీ తననే. మరి కోపం ఎవరి మీద తెచ్చుకోవాలి?

"సార్, ఇప్పుడు మీరు ముందు పోతరా, తర్వాత పోతరా?" అని అడిగాడు భానుప్రసాద్.

"నాకు తెల్వదయ్యా" అన్నాడు ఉపేందర్‌రావు. అది ఆ రోజు ఆయన అన్న మొదటి నిజం.

అప్పుడే ఆయన సొంత ఫోన్ మోగింది. వీసీ గారు, అసలు వీసీ గారు, వెంటనే రమ్మంటున్నారు.

జరిగింది ఏమిటంటే, మొదటి మెసేజ్ చూడగానే ప్రమోదిని వార్డెన్‌గా చేయాల్సిన పని చేసింది. దాన్ని ఫొటో తీసి హాస్టల్ పిల్లల గ్రూపులో పెట్టి, 'ఈ నంబరు నుంచి వీసీ గారి పేరుతో ఓటీపీ అడిగితే నమ్మకండి' అని రాసింది. పిల్లలు దాన్ని పరిశోధక విద్యార్థులకు పంపారు, వాళ్ళు అధ్యాపకులకు, అధ్యాపకులు ఆఫీసుకు. ఒక్కో చేయి మారినప్పుడల్లా ఒక్కో మాట రాలిపోయింది. ముందు ఫొటో పోయింది. తర్వాత నంబరు పోయింది. ఆ తర్వాత ఓటీపీ పోయింది. క్యాంటీన్ దాకా వచ్చేసరికి 'వీసీని నమ్మకండి' అన్నంత మట్టుకే మిగిలింది.

ఉపేందర్‌రావు వెళ్ళేసరికి వీసీ గారు గదిలో ఒంటరిగా కూర్చుని ఉన్నారు.

"ఉపేందర్‌రావు గారూ, పొద్దటి నుంచి నా మాట ఎవరూ వినడం లేదు. రిజిస్ట్రార్‌ను రమ్మని మెసేజ్ పెడితే 'నీ సంగతి పోలీసులకు చెప్పిన బిడ్డా' అని జవాబిచ్చాడు. క్యాంటీన్‌కు ఫోన్ చేసి చాయ్ పంపమంటే, ముందు మీరు వీసీ అని రుజువు చూపించమన్నారు. ఇప్పుడు చెప్పండి. నేను వీసీనేనా?"

"మీరే సార్" అన్నాడు ఉపేందర్‌రావు, నమ్మకం లేని గొంతుతో. ఆ పూట వీసీ ఎవరో ఆయనకూ స్పష్టంగా తెలియడం లేదు.

"ఎవడో నా పేరుతో ఆడుకుంటున్నాడు. మీరు కన్వీనర్. సాయంత్రంలోగా వాణ్ణి పట్టుకోండి. లేకపోతే ఇందుమూలముగా పోలీసులకు ఫిర్యాదు చేయబడును."

ఉపేందర్‌రావు బయటికి వచ్చి కొంతసేపు వరండాలో నిలబడ్డాడు. తనను తాను పట్టుకోవాలి. పట్టుకుంటే ఉద్యోగానికి ముప్పు, పట్టుకోకపోతే పోలీసులు. పారిపోదామంటే ఆదిలాబాద్ తప్ప చుట్టాలు ఇంకెక్కడా లేరు.

భానుప్రసాద్ దగ్గరికి పరుగెత్తాడు. స్టోర్ రూములో వాలీబాల్ సంచి మోగుతోంది. సంచి ముందు భానుప్రసాద్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మీరు పోయినప్పటి సంది ఒకటే తిట్లు సార్. మేడమ్ మన మెసేజ్‌ను హాస్టల్ గ్రూపుల పెట్టిందట. పిల్లలు, పిల్లల బాపులు, ఎవలో సర్పంచ్ గూడ. ఫోన్ సంచిల వేసి మూతి కట్టిన. జర నన్ను బయటవడెయ్యుండ్రి సార్, సిమ్ము నా పేరు మీద ఉన్నది."

సిమ్ము మాట ఉపేందర్‌రావుకు అప్పటిదాకా తట్టనే లేదు. తన తలతిక్క పనికి ఈ అమాయకుడు ఠాణాలో కూర్చుంటాడు.  వాలీబాల్ సంచిని అట్లాగే చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టాడు.

తలుపు తీసే ఉంది. ప్రమోదిని రెండు కంచాలు పెట్టి కూర్చుంది. ఆమె పక్కన అలేఖ్య అనే హాస్టల్ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ మంచినీళ్ళు తాగుతోంది.

"వచ్చిన్రా వీసీ గారూ" అంది ప్రమోదిని. "మా ఆయన ఇంకా రాలే. కూసోండ్రి."

ఉపేందర్‌రావు చంకలో సంచి మళ్ళీ మోగింది.

"నీకెట్ల తెలిసింది?"

"పొద్దున మీటింగ్ అన్నప్పుడే అనుమానం వచ్చింది. అయినా దొంగ వేరేటోడే అనుకున్న. మన ఫ్రిజ్ మీద బామ్ డబ్బా ఉన్నదని వీసీ గారికి ఎవలు చెప్పిన్రు? పది మంది దొంగ బాపులను పట్టిన గని, గింత తెలివితక్కువ దొంగను చూడలే. బిడ్డ ఏ కూర తినదో వాండ్లకు తెల్వకపోతే దొరుకుతరు. మీరు తెలిసి దొరికిన్రు."

"మరి తెలిసినంక గూడ గ్రూపుల ఎందుకు ఆపలే?"

"ఆపుదామనే ఫోన్ తీసిన. గప్పుడే గీ పిల్ల ఉరుక్కుంట వచ్చింది. చెప్పు బిడ్డా, మా సారుకు చెప్పు."

అలేఖ్య సిరిసిల్ల నుంచి వచ్చిన పిల్ల. బాపు మరమగ్గం నడుపుతాడు, ఆమె చదువు స్కాలర్‌షిప్ మీదే నిలబడింది. ఆ పొద్దున ఎవడో ఫోన్ చేసి, స్కాలర్‌షిప్ ఆగిపోయిందనీ, లింకు నొక్కి బ్యాంకు వివరాలు నింపి, వచ్చిన ఓటీపీ చెప్పమనీ అన్నాడట.

"అన్నీ నింపిన సార్" అంది అలేఖ్య. "ఓటీపీ గూడ వచ్చింది. వాడు లైన్ల ఉన్నడు, చెప్పు చెప్పు అంటుండు. గప్పుడే గ్రూపుల మేడమ్ మెసేజ్ వడ్డది. ఓటీపీ అన్న మాట చూసి ఫోన్ కట్ చేసిన. లేకుంటే మా బాపు నా మెస్సుకని పంపిన పైసలు గూడ పోతుండె."

ఉపేందర్‌రావు మనసులోనే లెక్క మొదలుపెట్టాడు. తాను చేసింది తప్పా, మంచా? తప్పు చేస్తుంటే మంచి జరిగిందా, మంచి అనుకుని తప్పు చేశాడా? ఆయన అర్థశాస్త్రంలో దీనికి సూత్రం లేదు.

"ప్రమోదినీ, ఒక ఉపాయం" అన్నాడు గొంతు తగ్గించి. "ఇదంతా కమిటీ పెట్టిన పరీక్ష అని చెప్దాం. జనం ఎంత జాగ్రత్తగ ఉన్నరో చూసినం అందాం."

"రోజూ పిల్లల అబద్ధాలు విని విని నా చెవులు పండిపోయినయి. ఇంటోడి అబద్ధం గూడ మొయ్యమంటరా? లేవుండ్రి. ముందు బువ్వ తినుండ్రి, తర్వాత పోదాం. ఉన్నది ఉన్నట్టు చెప్పాలె."

ముగ్గురూ కలిసి వీసీ గారి గదికి వెళ్ళారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలనే ఉపేందర్‌రావు నోరు తెరిచాడు. కానీ నోటికి పాత అలవాటు.

"సార్, ఇది మా కమిటీ నిర్వహించిన ఒక పరీక్ష..."

"కమిటీలో ఎవరెవరికి తెలుసు?" అన్నారు వీసీ గారు.

ఉపేందర్‌రావు భార్య వైపు చూశాడు. భార్య కిటికీ వైపు చూసింది. ఆయన మెల్లగా సంచి విప్పి, రెండు వాలీబాళ్ళు తీసి టేబుల్ మీద పెట్టి, వాటి కింద నుంచి ఫోన్ బయటికి తీశాడు.

"కమిటీకి తెల్వదు సార్. నేనే. మా ఇంటామెను మోసం చేసి సభల చెప్పుకుందామనుకున్న. ఫోన్ భానుప్రసాద్‌ది గని తప్పు నాది. ఆయనను ఏమనకుండ్రి."

వీసీ గారు ఫోన్ తీసుకుని సంభాషణంతా చదివారు. బామ్ డబ్బా దగ్గర ఆగారు. మళ్ళీ చదివారు. "నేనే అయితే ఇంత వివరంగా చెప్పేవాణ్ణి కాదు" అన్నారు. ఆ తర్వాత అలేఖ్య చెప్పింది విన్నారు. వింటున్నంతసేపూ ఒక్క సర్క్యులర్ మాట కూడా వాడలేదు. చివరికి స్వయంగా సైబర్ పోలీసులకు ఫోన్ చేసి ఆ స్కాలర్‌షిప్ దొంగ నంబరు చెప్పించారు. ఆ పిల్లను బ్యాంకుకు పంపి ఖాతా భద్రం చేయించమని ప్రమోదినికి పురమాయించారు. అప్పుడు ఉపేందర్‌రావు వైపు తిరిగారు.

"కన్వీనర్‌ను మారుస్తున్నాను. రేపటి నుంచి ప్రమోదిని గారు."

"మరి నేను సార్?"

"మీరు ఉదాహరణ."

ప్రారంభ సభ కిక్కిరిసిపోయింది. ప్రమోదిని మైకు ముందు నిలబడి పిల్లలతో ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది. ఎవరైనా తొందరపెడితే ఆగమంది. పెద్దవాళ్ళ పేరు చెప్తే, ఆ పెద్దవాళ్ళకే తిరిగి ఫోన్ చేసి అడగమంది. "మోసపోతే సిగ్గువడకుండ్రి. వచ్చి చెప్పుండ్రి, ఎంత జల్ది చెప్తే అంత మంచిది. తిట్టం. మా ఆయనను గూడ తిట్టలే" అంది. హాలంతా నవ్వింది. వేదిక మీద కూర్చున్న ఉదాహరణ కూడా లేచి నమస్కారం పెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత ఉదాహరణ గారిని రెండు మాటలు మాట్లాడమన్నారు. హ్యాకింగ్ అంటే మన ఫోన్ వేరేవాళ్ళ చేతిలో పడి, మన పేరుతో మెసేజ్‌లు పోవడమేనని ఆయన గంభీరంగా వివరించి కూర్చున్నాడు. చప్పట్లు కొట్టింది భానుప్రసాద్ ఒక్కడే.

ఆ సాయంత్రం ఉపేందర్‌రావు ముందుగదిలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఫోన్ టింగుమంది. ఏదో కొత్త నంబరు.

'ఇందుమూలముగా తెలియజేయునది, నేను వీసీని. పాత నంబరును అందరూ బ్లాక్ చేసినందున కొత్తది తీసుకొనడమైనది. మీకు శనివారం సెలవు మంజూరైనది. ఆదిలాబాద్ వెళ్ళి రాగలరు.'

ఉపేందర్‌రావు నవ్వుకున్నాడు. ఒకసారి గాలానికి చిక్కిన చేప రెండోసారి చిక్కుతుందా? ప్రమోదిని ఎవరి ఫోనో తీసుకుని తన మీదే ప్రయోగిస్తోంది. ఆ ఆదిలాబాద్ మాట ఆమెకు తప్ప ఎవరికి పట్టింది? ఒక్క వేలితో ధీమాగా కొట్టాడు: 'నువ్వేనని నాకెర్కే. శానా వేషాలు వేస్తున్నవ్. ఫోన్ అవతల పెట్టి ముందు పొయ్యి మీది కుక్కర్ దించు.'

పంపి, వంటింట్లో నుంచి నవ్వు వినిపిస్తుందని చెవులు రిక్కించాడు. ప్రమోదిని పెరట్లో నుంచి తడిబట్టల బకెట్‌తో వచ్చింది. రెండు చేతులూ తడి, ఎక్కడా ఫోన్ లేదు.

ఆయన చేతిలో ఫోన్ మళ్ళీ టింగుమంది. 'ఏ కుక్కరు?'

ఉపేందర్‌రావు ముఖం చూసి ఆమె బకెట్ కింద పెట్టింది. చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది, చదివింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి బిగబట్టింది. తర్వాత ఏదో కొట్టి పంపింది.

"ఏం రాసినవ్?" అన్నాడు ఆయన.

"మా సారు ఫోన్ హ్యాక్ అయింది, క్షమించుండ్రి అని రాసిన."

"మరి అబద్ధం ఆడొద్దని నువ్వే గదా..."

"అబద్ధం ఏమున్నది? మీ ఫోన్ మీ చేతుల లేదు, మీ పేరు మీద వేరేటోళ్ళు మెసేజ్ పెట్టిన్రు. హ్యాకింగ్ అంటే గదేనని పొద్దున మైకుల మీరే చెప్పిన్రు" అంది ప్రమోదిని. ఫోన్ తన కొంగుకు తుడిచి దగ్గరే పెట్టుకుని, బట్టలు ఆరేయడానికి ఆయనను పిలిచింది.